ఆవిరి పట్టని చొక్కా

పొద్దున్నే కోడలు చేసే మొదటి పని చెత్తబుట్ట వెతకడం. బూజు పట్టిన నిమ్మతొక్కో, కుళ్లిన ఆకో దొరికితే సన్నటి ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టి, కనిపించినదాన్ని కనిపించినట్టు గీసేది. ఆ గీతలే రంగులై బట్ట మీద అచ్చు పడేవి. చెత్తలో ఇంత అందం ఉందా అని కొనేవాళ్లు ముక్కున వేలేసుకునేవారు.

అచ్చు వేసిన బట్టకి ఆవిరి పట్టడం అత్త పని. ఆవిరి పట్టకపోతే రంగు నిలవదు, గీతలోని కుళ్లు నిద్రపోదు. ఒకసారి ఆవిరి పట్టని పచ్చి బట్టని కుర్చీ మీద మర్చిపోతే తెల్లారేసరికి కుర్చీ కుళ్లి పొడి పొడి అయింది. అత్త ఆ పొడి ఊడ్చేసి వేరే కుర్చీ తెప్పించింది. దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

ఆ ఇంట్లో మాట్లాడుకోని సంగతి ఇంకొకటుంది. కోడలి మొగుడే ఆ అచ్చుబట్టల కార్ఖానా యజమాని; ఆమెని చావగొట్టేవాడు. వీపు మీద, కడుపులో, జుట్టు పట్టుకుని గోడకేసి. గీసే కుడిచేతిని మాత్రం ముట్టుకునేవాడు కాదు. అది తనకి అన్నం పెట్టే చెయ్యి. ఆపాటి తెలివికి లోటు లేదు మహానుభావుడికి.

వేరేచోట పని చూసుకున్నాను, వెళ్లిపోతానని ఆమె చెప్పిన రోజున ఆ తెలివి కూడా పోయింది. అచ్చు మీద రంగు లాగే చెక్క తీసి ఆ చేతి మీదే బాదాడు. చర్మం చీలింది, వేళ్లు విరిగాయి. మళ్లీ వెళ్తానంటే ఎడమదీ ఉండదన్నాడు. ఆవిరిపెట్టె దగ్గర అత్త తలెత్తలేదు.

గాయం చీము పట్టింది. ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొస్తుంటే, కోడలు దాని మీది నల్లటి పొక్కు గిల్లి మైక్రోస్కోపు కింద పెట్టి, ఎడంచేత్తో వంకరటింకరగా గీసింది. ఊదా, ఆకుపచ్చ, నలుపు. అంత మంచి డిజైను ఆమె అంతకుముందు గీయలేదు.

కొత్త డిజైను మొదటి ముక్కతో యజమానికి చొక్కా కుట్టడం ఆ కార్ఖానా ఆనవాయితీ. తొడుక్కుంటూ అలవాటుగా అడిగాడు, "ఆవిరి పట్టావా అమ్మా?"

"పట్టాన్రా" అంది అత్త.

పెట్టె నిన్నట్నించీ చల్లగానే ఉందని కోడలికి తెలుసు. నోరు మెదపలేదు.

సాయంత్రం ఆమె సంచీ సర్దుకుంది. మొగుడు చెక్క పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "ఎడమది పెట్టవే బల్ల మీద" అన్నాడు. ఆమె పెట్టకపోతే మణికట్టు పట్టి లాగి తనే పెట్టి, చెక్క పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి మగ్గిన అరటిపండులా మెత్తబడి, మోచేతి దగ్గర ఊడి, చెక్కతో సహా నేల మీద పడింది. వాడి అరుపుకి వీధిలో కుక్కలు మొరిగాయి.

అత్త కత్తెరతో వచ్చి చొక్కా కత్తిరించి ఒంటి మీంచి లాగేసింది. దాన్ని పెట్టెలో పడేసి మూత బిగించింది. ఈసారి పెట్టె కుతకుతలాడుతోంది, ఎప్పుడు వెలిగించిందో ఏమో. చేతి పుండులోంచి పుట్టిన కుళ్లు చేతినే పట్టి, భుజం దాకా రాకుండా ఆగిపోయింది.

"మర్చిపోయాన్రా" అంది, కొడుకు తల ఒళ్లో పెట్టుకుని. జన్మలో ఒక్క గజం బట్ట కూడా ఆవిరి పట్టకుండా వదిలిన మనిషి కాదు. తల తిప్పి కోడలి వైపు చూసింది.

"నీ బస్సు వెళ్లిపోతుందమ్మా, బయల్దేరు."

కోడలు ఎడంచేత్తో సంచీ అందుకుంది.