పూర్తి స్వస్థత

మండవల్లి చేపల ప్యాకింగ్ షెడ్డులో, ఐస్ క్రషర్ వెనక, అక్కడి ఐస్ పని చూసే మంచు సామ్రాజ్యాధిపతి ఎలీషా మెడ వెనక్కి వాల్చి తన ప్రథమ రాచకార్యం నిర్వర్తిస్తున్నాడు: కంటికొక చుక్క మందు. సీసా మూత తీయడానికి పళ్ళు వాడవలసి వచ్చింది. బిగుసుకున్న చర్మం లోపల అతని వేళ్ళు సరిగా వంగడం మానేసి నాలుగేళ్ళయింది.

పదమూడేళ్ళ కిందట అతని ఎముకల్లో మూలుగ చెడిపోతే, అక్క రత్నమాణిక్యం తన మూలుగ ఇచ్చి బతికించింది. ఆ మూలుగ రోగాన్ని తరిమికొట్టింది గాని, గెలిచిన దండు కోటను కొల్లగొట్టినట్టు అతని కంటి నీటినీ, నోటి తడినీ, చేతి చర్మాన్నీ వరసగా స్వాధీనం చేసుకుంది. డాక్టర్లకు ఇందులో వింతేమీ కనిపించలేదు. చర్చివాళ్ళకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది అతను చర్చిలో లేచి "పూర్తి స్వస్థత కలిగింది" అని సాక్ష్యమిచ్చాడు. అంత ఘనంగా చెప్పిన మాటను మరుసటి ఏడు సవరించడం మర్యాదగా తోచక, ఏటా అదే చెబుతూ వచ్చాడు. ఏలూరులో ఎవరి కంటనైనా పడతానని, చుక్కల మందు కోసం తాడేపల్లిగూడెం దాకా వెళ్ళేవాడు.

"ఏవండీ ఎలీషాగారూ," శీలావతి చేపల ట్రే దించుతూ అన్నాడు సుందరరావు, "మీ ఒంట్లో పారేదంతా అక్కగారి రక్తమే అంట గదండీ! గాజులు తెప్పించమంటారా?"

"తెప్పించండి. ఎక్కించే పూచీ మాత్రం మీదేనండి."

ఎండ తగిలితే ఒళ్ళు రేగుతుంది కనుక, శ్వేతచ్ఛత్రానికి బదులు నల్లగొడుగు పట్టుకుని, మధ్యాహ్నానికి ఏలూరు చేరాడు. అక్క ఇంట్లో ప్రయాణ ప్రార్థన. ఆమెకు కువైట్‌లో రెండేళ్ళ పని దొరికింది. "తమ్ముడికి తిరగబెడితే మళ్ళీ మూలుగ ఇచ్చేదెవరు?" అంటూ ఆమె ఇదివరకు రెండు వీసాలు వదులుకుంది. ఈ వయసులో ఇది జారితే ఇంకొకటి రాదు. అందుచేత ఈ పూట అతను ఆరోగ్యవంతుడై తీరాలి. సీసా జేబు దాటకూడదు.

చికెన్ పలావు ముద్దముద్దకూ గుక్కెడు నీళ్ళతో దిగుతోంది. మూడో గ్లాసు దగ్గర అక్క చూపు తగిలింది.

"కారం ఎక్కువైందేంట్రా?"

"ఎండ కదక్కా. దాహం."

భోజనాలయ్యాక వెస్లీ పాస్టరుగారు బైబిలు మూసి, "బ్రదర్ ఎలీషాగారూ, అక్కగారి ధైర్యం కోసం రెండు మాటలు సాక్ష్యం చెప్పండి," అన్నారు.

ఎలీషా లేచాడు. కళ్ళలో ఇసుక పోసినట్టుంది. వెళ్ళొద్దక్కా అన్న మాట ఎండిన నాలుకకు అంటుకుపోయి ఊడి రాలేదు. అలవాటైన మాట మాత్రం పదమూడోసారి తనంతట తనే నడిచి వచ్చింది.

"నాకు పూర్తి స్వస్థత కలిగిందండి."

అందరూ ఆమెన్ అన్నారు. రత్నమాణిక్యం ఆమెన్ అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది.

సాయంత్రం కొత్త బస్టాండులో హైదరాబాదు బస్సు కిటికీలోంచి ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. కింద ఎలీషా పొడిగా, ఎర్రగా ఉన్న కళ్ళతో నిలబడ్డాడు.

"ఒక్క చుక్కన్నా రాల్చలేదమ్మా! రాతి గుండె," అంది సాగనంపడానికొచ్చిన పిన్ని సువార్తమ్మ.

"వాడి కళ్ళ సంగతి నాకు తెలుసులే పిన్నీ," అంది రత్నమాణిక్యం. ముక్కు తుడుచుకుని కిటికీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు అందించింది. "బస్సు వెళ్ళాక చూసుకో."

బస్సు వెళ్ళింది. సువార్తమ్మ ఆటో ఎక్కింది. ఎలీషా బెంచీ మీద కూర్చుని కవరు చూశాడు. దాని మీద తాడేపల్లిగూడెం మందుల షాపు పేరుంది. అతను వెళ్ళే షాపే.

లోపల ఇరవై నాలుగు చుక్కల సీసాలు. తెరిచిన సీసా నెల దాటితే పారేయాలి కనుక, ప్రతిదానికీ తెల్ల ప్లాస్టరు చుట్టి, అక్క గుండ్రటి అక్షరాలతో ఒక్కో నెల పేరు రాసి ఉంది. ఈ నెల పేరున్న సీసాకు మాత్రం, పళ్ళతో పనిలేకుండా, మూత ముందే వదులు చేసి ఉంది.