పెట్టెలో లూకా దరువు

సోల్డరింగ్ ఐరన్ మొనని తడిగుడ్డ మీద రాసి, పొగ కంట్లో పడకుండా ఎడమకన్ను చికిలించి, సైదావలి ఆ పెట్టెలోంచి ఇంకో కెపాసిటర్ ఊడబీకాడు. చికిలించీ చికిలించీ ఆ కన్ను ఇప్పుడు పని లేనప్పుడు కూడా సగమే తెరుచుకుంటుంది. యాభై దగ్గర పడ్డ మనిషి. బక్కపల్చటి ఒళ్ళు. బొటనవేలి మీదా చూపుడువేలి మీదా కాలి కాలి గట్టిపడ్డ మచ్చలు. చొక్కా జేబులో టెస్టరు లేకపోతే చొక్కా వేసుకోనట్టే ఉంటుంది అతనికి. తెనాలి బోసు రోడ్డు నుంచి పక్కకి తిరిగే సందులో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేస్తాడు. సభలకీ పెళ్ళిళ్ళకీ మైకు సెట్టు కూడా అతనిదే. కొట్టుకి బోర్డుంది గానీ, రేడియో సాయిబు అంటేనే జనానికి తెలుస్తుంది.

బల్ల మీదున్నది రిథమ్ బాక్సు. జపాన్ సరుకు. చెక్క డబ్బా, పుట్టి ఇరవై ఏళ్ళయినా అయ్యుంటుంది. కీబోర్డు వాయించే దేవదానం మాస్టారు మద్రాసులో పాతసామాన్ల కొట్లో కొనుక్కొచ్చాడు. మీట నొక్కితే దానంతటదే తాళం వేస్తుంది. వేస్తుంది గానీ, రేకు డబ్బా మీద చినుకులు పడ్డట్టుంటుంది చప్పుడు.

"దీన్లో డోలక్ పలకాలి సైదావలీ. అచ్చం మన లూకా వాయించినట్టుండాలి. అలా చేసిచ్చావంటే ఆదివారం బాపట్ల సభకి దీన్నే పెట్టేస్తా," అన్నాడు మాస్టారు పోయిన వారం.

మరి లూకా సంగతేంటని సైదావలి అడగలేదు. పెట్టె మూత తెరిచాడు.

ఇరవై రెండేళ్ళ నుంచీ అంతే. లూకా ముందు, సైదావలి వెనక. రేపల్లెలో క్రిస్మస్ అయినా, చెరుకుపల్లిలో పెళ్ళయినా, లూకా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఒళ్ళో డోలక్ పెట్టుకుని వేదిక మధ్యన కూర్చుంటాడు. ఒక్క దరువు వేసి తల ఎగరేస్తే ఆడవాళ్ళు మాటలాపేస్తారు. సైదావలి తెర వెనక, యాంప్లిఫయర్ పక్కన, దోమల్లో. మైకు కీచుమన్నప్పుడు మాత్రం అంతమందీ ఒక్కసారి అతనికేసి చూస్తారు. భోజనాల దగ్గర లూకా విస్తట్లో అడక్కుండానే రెండో ముక్క పడుతుంది. "ఆ మైకాయనక్కూడా పెట్టండమ్మా," అని వెనకనుంచి ఎవరో జాలిపడతారు. ఆ జాలికి తిన్నది కూడా ఒంటబట్టేది కాదు సైదావలికి.

భార్య నూర్ బీ కూడా ఒకసారి చెరుకుపల్లి పెళ్ళి నుంచి వస్తూ, "లూకా అన్న చేతుల్లో ఏముందో గానీ, వింటుంటే కాళ్ళు ఊరుకోవు," అంది. బస్సు దిగేలోపే ఆ మాట మర్చిపోయిందామె. అతను ఏడేళ్ళయినా మర్చిపోలేదు.

ఇన్నాళ్ళకి దేవుడు లూకా చేతుల్ని తెచ్చి తన బల్ల మీద పెట్టాడనిపించింది. వాటికి తీగలు తనే అతకాలి.

కొలతకి అతని దగ్గరో క్యాసెట్టుంది. ఎనభై రెండులో బాపట్లలో జరిగిన సభది. యాంప్లిఫయర్ నుంచి నేరుగా టేపులోకి పట్టాడు. ఆ సాయంత్రం లూకా ఎడమచేతి దరువు ఎక్కడో లోతు నుంచి, తడితడిగా, గుండెలకానుకుని ఎవరో మాట్లాడినట్టు పలికింది. అంతకు ముందు లేదు, ఆ తర్వాత లేదు. పదకొండేళ్ళుగా ఆ క్యాసెట్టు ఎవరికీ వినిపించలేదు. ఒంటరిగా వినేవాడు, విన్నప్పుడల్లా మండిపోయేవాడు, అయినా వినేవాడు.

కెపాసిటర్ పెద్దది వేస్తే శబ్దం లోతుకి దిగుతుంది. రెసిస్టరు మారిస్తే దాని తోక సాగుతుంది. వేసి విని, తీసి విని, ఒక చెవి పెట్టెకీ ఒక చెవి క్యాసెట్టుకీ అప్పజెప్పి నాలుగు రోజులు కూర్చున్నాడు. అయిదో రోజు, ఈ మధ్యాహ్నం, కొత్త కెపాసిటర్ అతికి, చిన్న మరని వెంట్రుకవాసి తిప్పేసరికి రెండూ ఒకటైపోయాయి.

అన్నం క్యారేజీ పట్టుకుని అప్పుడే గుమ్మం ఎక్కిన నూర్ బీ ఆగిపోయింది. "లూకా అన్నదా?" అంది.

అతని ఛాతీ పొంగింది. మరుక్షణం అందులో ఏదో చురుక్కుమంది. నాలుగు రోజులు నడుం విరిగింది తనది, పేరు మళ్ళీ వాడిది. క్యారేజీ అక్కడ పెట్టి వెళ్ళమన్నాడు.

మూడింటికి లూకా వచ్చాడు. రేపల్లె ప్యాసింజరు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. చేతిలో గుడ్డసంచి. ఇస్త్రీ లేని చొక్కాలో అతన్ని చూడటం సైదావలికి ఇదే మొదలు.

"పొన్నూరు బస్సుకి గంట టైముంది," అని స్టూలు లాక్కున్నాడు. "నా బదులు నువ్వు పెట్టె చేస్తున్నావట, ఆదివారం నుంచి రావద్దని మాస్టారు కబురంపాడు. పొన్నూర్లో రైసుమిల్లు కాపలాకి కుదిరా. ఏదీ, నీ పెట్టె వినిపించు వలీ."

సైదావలి మీట నొక్కాడు. లూకా మొహం వాడిపోవడం చూడాలని ఇరవై రెండేళ్ళుగా కాచుకున్నవాడు గనక, పెట్టెకేసి కాక మొహంకేసే చూశాడు. లూకా తల వంచుకుని విన్నాడు. వేళ్ళు కదల్లేదు. కాసేపటికి మెల్లగా నవ్వాడు.

"ఇది బాపట్ల సభ రోజుది కదరా."

"నీకెట్టా తెలుసన్నా?"

"ఆ రోజు వాన. డోలక్ తోలు చెమ్మపట్టి జారిపోయింది, బోల్టులెంత తిప్పినా బిగుసుకోలా. కాగితాలు తగలెట్టి వేడి చేద్దామంటే అగ్గిపెట్టె కూడా నానిపోయింది. ఎడమచెయ్యి వేస్తే తడి గోనెసంచి మీద కొట్టినట్టుంది. ఇవాళ్టితో నా పరువు పోయిందనుకున్నా. నా ఒళ్ళో చచ్చిన శబ్దం, అటు పందిరి చివర గంటలా మోగుతుంది. ఏంటా అని వెనక్కి తిరిగా. నువ్వు తల వంచుకుని ఏవో మరలు తిప్పుతున్నావు."

సైదావలికి అప్పుడు గుర్తొచ్చింది. చప్పుడు చచ్చుగా ఉందని బేస్ పూర్తిగా తెరిచాడు, ట్రెబుల్ దించాడు, ఎకో కొంచెం కలిపాడు. చెయ్యాల్సిన పని గనక చేశాడు. చేశాక మర్చిపోయాడు.

"ఎండగా ఉన్న రోజుల్లో కూడా ఆ మోత తెద్దామని ఎంత కొట్టానో. రాలా," అన్నాడు లూకా. "వచ్చేదేంటి, అది నాది కాదుగా. మెచ్చుకున్నవాళ్ళందరికీ దణ్ణం పెట్టానే గానీ, నీకో మాట చెప్పలేకపోయా. కుళ్ళు వలీ. నీ మీద కుళ్ళు."

పెట్టె కొట్టుకుంటూనే ఉంది. సైదావలి మీట ఆపాడు. ఆపితే కొట్టు మరీ ఖాళీగా అనిపించింది. 

"టీ తెప్పించనా అన్నా?"

"బస్సులో వాంతి అవుద్దిరా."

లూకా లేచాడు. డోలక్ రేపల్లె చర్చిలో ఇచ్చేశానన్నాడు. సంచిలో చెయ్యి పెట్టి వెతికి, అరచెయ్యంత స్పానరు తీశాడు. డోలక్ బోల్టులు బిగించుకునేది. పట్టుకునే చోట ఇనుము అరిగి తెల్లబడింది.

"డోలక్‌తో పాటు ఇది ఇవ్వడం మర్చిపోయా. నీ దగ్గరుంచు. మిల్లులో నాకు దీంతో ఏం పని?"

గుమ్మం దిగాక వెనక్కి తిరగలేదు. సందు మలుపు దాకా అతని నడక మామూలు ముసలాడి నడకలా ఉంది, తాళం లేకుండా.

సాయంత్రం దేవదానం మాస్టారు వచ్చాడు. రెండు పాటలకి సరిపడా విన్నాడు. మూడోసారి మీట నొక్కి, కళ్ళు మూసుకుని, "అచ్చం లూకానేనయ్యా," అన్నాడు. మీట మీద చిన్న కాగితం ముక్క అంటించి, గుర్తుకి లూకా అని రాశాడు.

నాదండి అన్న మాట సైదావలి నోటిదాకా వచ్చింది. ఒక్క మాట. ఇరవై రెండేళ్ళకి మొదటిసారి రుజువుతో సహా చేతికందింది. కానీ నాదని చెప్పాలంటే, ఆ రోజు లూకా తోలు జారిపోయిందనీ, చెయ్యి పలకలేదనీ కూడా చెప్పాలి.

"అవునండి. లూకాదే," అన్నాడు.

మాస్టారు పెట్టెని తువ్వాలులో చుట్టి, స్కూటరు ముందు పెట్టుకుని వెళ్ళిపోయాడు. సైదావలి బల్ల తుడిచాడు. చల్లారిన అన్నం తిన్నాడు. పెట్టె ఉన్న చోట ఇప్పుడు స్పానరొక్కటే ఉంది, లూకా వేళ్ళు అరగదీసిన మేరకి మెరుస్తూ. అది పట్టే నట్టు ఆ కొట్టు మొత్తంలో ఒక్కటి కూడా లేదు.