జావా తుడవకుండా డాట్ నెట్ రాసిన రోజు

నేను ఒక తెల్లబోర్డును. బాలానగర్‌లోని ఒక షెడ్డులో ప్లైవుడ్ చెక్క మీద తెల్లరేకు అంటించి, చుట్టూ అల్యూమినియం పట్టీ బిగించి నన్ను తయారుచేశారు. ట్రాలీ ఆటోలో అమీర్‌పేట వచ్చి, ఓ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో మూడో నంబరు గది గోడకెక్కాను.

పొద్దున ఏడింటికి జిలానీ సార్ జావా చెప్పేవారు. కడప మనిషి. తొమ్మిదింటికి ఇందుమతి మేడం డాట్ నెట్ చెప్పేవారు. రెండూ ఇంటర్నెట్‌లో నడిచే ప్రోగ్రాములు రాయడానికే. అయినా వాటి కోసం పిల్లలు రెండు పార్టీలుగా చీలి, ఉద్యోగాలు దేనికి ఎక్కువని మెట్ల మీద పోట్లాడుకునేవారు. ఉద్యోగం ఇంకా ఎవరికీ రాలేదు.

మేడం ఒకప్పుడు ఇదే గదిలో సార్ దగ్గర జావా నేర్చుకున్నారు. ఆ మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు. సార్ రాసిందంతా ఒక్క అక్షరం మిగలకుండా తుడిచాకే ఆమె పాఠం మొదలయ్యేది.

ఒక ఏడాది గాలి డాట్ నెట్ వైపు తిరిగింది. సార్ బ్యాచ్‌లో నూట ఇరవై మందికి పదకొండుగురు మిగిలారు. సెంటరు యజమాని బుచ్చిరెడ్డి గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, వచ్చే నెల సంది మీరు గూడ డాట్ నెట్ చెప్పున్రి. లేకుంటే ఈ టైం ఇంకొకలకు ఇస్త."

"నాకు రాదు రెడ్డీ. రానిది ఎట్ల చెప్పేది?"

"నాలుగు ముక్కలు నేర్సుకుంటే సాలదా?"

మర్నాడు సార్ ఆ పదకొండుగురికీ పాఠం పూర్తిగా చెప్పారు. తర్వాత ఇంటికి పోకుండా, చివరి బెంచీలో కొత్త నోట్‌బుక్ తెరుచుకుని కూర్చున్నారు.

డస్టర్ తీసుకున్న మేడం ఆయన్ని చూసి ఆగిపోయారు.

"సార్, మీరిక్కడా?"

"అడ్మిషన్ లేదమ్మా. పొమ్మంటే పోతా."

గదంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. డస్టర్ కింద పెట్టి, నా ఎడమ సగంలో ఉన్న జావా ప్రోగ్రాము అలాగే ఉంచి, కుడి సగంలో అదే ప్రోగ్రాము డాట్ నెట్‌లో రాశారు.

"ఎడమ పక్కది నాకు సారే నేర్పారు. రెండూ చూసి తేడా ఎంతుందో చెప్పండి."

పిల్లలు చాలాసేపు చూశారు. పెద్ద తేడా ఏమీ కనబడలేదు. కాసేపటికి సార్ చెయ్యెత్తి ఒక సందేహం అడిగారు. మేడం ఆలోచించి, "తెలీదు సార్, రేపు చూసి చెప్తాను" అన్నారు. "సరేమ్మా" అని ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

నెల తిరిగేసరికి సార్ చెప్పే డాట్ నెట్‌తో ఏడింటి బ్యాచ్ నిండింది. సార్ మరో మూడేళ్లు డాట్ నెట్ చెప్పి, కడపలో కాలేజీ ఉద్యోగానికి వెళ్లిపోయారు.

తర్వాత గదికి ప్రొజెక్టరు వచ్చింది. ఇప్పుడు నేను మేడ మీద, నీళ్ల మోటారుకు వాన తగలకుండా అడ్డంగా నిలబడి ఉన్నాను. మోటారు తడవడం లేదు.