గచ్చుకు పడిన దెబ్బలు

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెలో రాజమణి ఇంటి ముందు గచ్చు నున్నగా ఉంటుంది. నీళ్లు పడితే జారుతుంది. ఆ ఉదయం ఆరేళ్ల మనుమరాలు రిషిత పరుగెత్తుకుంటూ వచ్చి దాని మీదే బోర్లా పడింది. మోకాలు గీరుకుపోయింది.

"ఎవలు పడగొట్టిండ్రు నా బిడ్డను? గీ గచ్చేనా? ఉండు, దీని పని చెప్త" అంటూ రాజమణి అరచేత్తో గచ్చును ఫట్‌ఫట్‌మని కొట్టింది. పిల్ల ఏడుపు ఆగలేదు. వెనకే వచ్చిన అన్న మిథున్ వీపు మీద ఒకటి పడింది. "తరుముకొచ్చింది నువ్వేగద. పెద్దోనివి, సోయి ఉండద్దా?"

అప్పుడు ఆగింది ఏడుపు.

మన ఇళ్లలో ఈ ముచ్చట తెలియనివారుండరు. పడ్డ పిల్లను ఊరడించడానికి నేలను కొడతాం, గడపను కొడతాం. పిల్ల నవ్వుతుంది, మనమూ నవ్వుతాం. నొప్పి పుట్టిన చోట ఎవరో ఒకరు దెబ్బ తినాలన్న పాఠం పాలతోపాటే పట్టిస్తున్నామని మనకు తోచదు.

పొలం నుంచి వచ్చిన కొడుకు శ్రీపాల్ వంగి మోకాలు చూశాడు. "ఏం గాలేదు. మిథున్, చెంబుల నీళ్లు పట్కరా. ఇద్దరం కడుగుదాం."

"బిడ్డకు నెత్తురొస్తున్నా నీకు చీమ కుట్టినట్టు గూడ లేదుర. తండ్రివా, తాటిమొద్దువా?"

"తాటిమొద్దునే అవ్వా. జర చాయ్ పొయ్యి."

కొడుకు నిమ్మలం రాజమణికి మొదటినుంచీ గిట్టదు. కోడలు హర్షిణి జనగామలో బ్యాంకు ఉద్యోగానికి పొద్దున్నే బస్సెక్కుతుంది. శ్రీపాల్ పొలం పోతాడు. పగలంతా పిల్లల భారం తనదే. భయం లేకపోతే పిల్లలు చేతికి దొరకరని ఆమె నమ్మకం.

దసరా సెలవుల్లో ఒకనాడు అన్నం కలుపుతూ రాజమణి గమనించింది. బడి లేని రోజున రిషిత సాక్సులు వేసుకుని కూర్చుంది. నిన్న కూడా అలాగే ఉన్నట్టు గుర్తొచ్చింది. నుదురు తాకి చూస్తే కాలిపోతోంది.

సాక్సు లాగబోతే మడమ దగ్గర అంటుకుపోయింది. పిల్ల పళ్లు బిగపట్టిందే తప్ప కేక వేయలేదు. తడిపి మెల్లగా తీసేసరికి తోలు లేచిపోయిన మడమ, దాని మీద పిడచకట్టిన పసుపు, చుట్టూ ఎర్రని వాపు కనిపించాయి. పసుపు వేసిన చెయ్యి పెద్దవాళ్లది కాదని చూడగానే తెలుస్తోంది.

"ఎవలు చేసిండ్రు బిడ్డా గిది?"

"ఎవలు చెయ్యలే" అంది రిషిత. కాలు వెనక్కి లాక్కుని, "గచ్చు" అంది.

తలుపు చాటున మిథున్ కాళ్లు కనిపించాయి. రాజమణి లేచింది. చెయ్యి దానంతటదే పైకి లేచింది. జ్వరంతో ఉన్న పిల్ల ఆమె చీరకుచ్చెళ్లు పట్టుకుని వేలాడింది.

"అన్నను కొట్టకు బాపమ్మా. గచ్చును కొట్టు."

ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో ఆమెకు తెలియలేదు.

శ్రీపాల్ వచ్చేసరికి మిథున్ గోడకు అతుక్కుపోయి ఉన్నాడు. శ్రీపాల్ వాడి ముందు గొంతుకూర్చున్నాడు. "ఎందుకు చేసినవని నేను అడగ. ఎప్పుడు తాకింది, దేంతోని తాకింది? గంతే చెప్పు. డాక్టర్‌కు చెప్పాలె."

"మొన్న. సైకిల్ మీద కూసోబెట్టుకున్న. కాలు చక్రంల పడ్డది డాడీ" అన్నాడు మిథున్. అన్న తర్వాత ఏడ్చాడు.

"మంచిగ చెప్పినవు. నడువు, నువ్వు గూడ రా. బండి మీద చెల్లెను వెనుక పట్టుకొని కూసోవాలె."

ఘన్‌పూర్ దవాఖానలో గాయం కడుగుతున్నంతసేపూ మిథున్ చెల్లెలి చెయ్యి పట్టుకునే ఉన్నాడు. సూది వేసి, మందులు రాసి, డాక్టరమ్మ అంది: "ఇంకా దాచి ఉంటే చీము లోపలికి దిగేది. ఇకనుంచి ఏం తాకినా ఆరోజే చెప్పాలి."

ఇంటికొచ్చాక పిల్లలు నిద్రపోయారు. రాజమణి కొడుకు పక్కన వచ్చి కూర్చుంది. "నీకు కోపం రాదార?"

"వస్తది. మింగుత." శ్రీపాల్ ఎడమచెయ్యి చాపాడు. చిటికెన వేలు చిన్నప్పటినుంచీ వంకర. "గిది ఎట్లయిందో ఎరుకనా?"

"బడిల పడ్డనన్నవు గద."

"బడి కాదు. అన్న వడ్లు పోసే అర్ర తలుపేసిండు. నా వేలున్నది చూడలే. చెప్తె నువ్వు అన్నను సంపుతవని చెప్పలే. గట్లనే అతుక్కున్నది."

హన్మకొండలో దుకాణం నడుపుతున్న పెద్దకొడుకు అజయ్ ఇప్పటికీ తమ్ముడి చెయ్యి చూసినప్పుడల్లా చూపు తిప్పుకోవడం రాజమణికి గుర్తొచ్చింది. ఆమె ఆ వేలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు.

మడమ మానింది. కార్తీకంలో ఒక సాయంత్రం రిషిత పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో బ్యాటు ఉంది.

"బాపమ్మా, నేనే కొట్టిన. బాలును కొట్టబోతె బ్యాటు అన్న మూతికి తాకింది. నెత్తురొస్తుంది, జల్ది రా."

రాజమణి తడిగుడ్డ తీసుకుని వెళ్లింది. మిథున్ పెదవికి అద్ది, ఆ గుడ్డను రిషిత చేతికిచ్చింది. "గట్టిగ కాదు. గిట్ల ఒత్తిపట్టు."

గోడ అవతలినుంచి పొరుగింటి సత్యమ్మ చూస్తోంది. "పోరని మూతి పగిలింది. దానికి ఒక్కటెయ్యక గట్ల చూస్తున్నవేందక్కా?"

"వేస్తె వీని మూతి మానుతదా సత్తెమ్మా? దాని నోరు మూతపడుతది. రేపు దానికేమన్న అయితె నాకెవలు చెప్తరు?" రాజమణి గచ్చు మీద చతికిలబడి, ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుంది. "కొట్టే చెయ్యి ఉన్న ఇంట్ల గాయాలు దాక్కుంటయి. కడిగే చెయ్యి ఉన్న ఇంటికి అవే నడిచొస్తయి."