తలుపు లేని గది

ఆ రోజు ఇంట్లో నాన్న, నానమ్మ, అన్నయ్య, అమ్మ, నేను ఉన్నాం. లోపలి గదిలో పిన్ని, పుట్టి వారమైనా కాని ఆమె పాప. వరండాలో కుర్చీ మీద, ఇంటర్నెట్‌లో ఎవరేం రాస్తున్నారో కనిపెట్టే ప్రభుత్వ కార్యాలయం నుంచి వచ్చిన ఆఫీసరు.

మా అందరికీ ఉన్నది ఒక్కటే ఫోన్, నాన్న పేరు మీద. అందులోంచి ఎవరో ఏదో పోస్టు పెట్టారట. తెరిస్తే 'ప్రభుత్వ ఆదేశం వల్ల ఇది కనిపించదు' అని మాత్రం వస్తోంది. అందులో ఏముందో తెలుసుకోవాలని పొద్దుటి నుంచి నా ప్రాణం కొట్టుకుపోతోంది. ఇంట్లో అందరూ దాని గురించే అరుస్తున్నారు. ఒక్కరూ చదవలేదు. చదవకుండానే అంత కోపం ఎలా వస్తుందో!

"వీడి పనే. చేతులు ఊరుకోవు వెధవకి," అంది నానమ్మ అన్నయ్యని చూపిస్తూ. తిట్టే గానీ, మనవడు పెద్దవాడైపోయాడన్న మురిపెం గొంతులో దాగలేదు.

"నీ మీద ఒట్టు నానమ్మా, నేను కాదు."

అమ్మనీ నన్నూ ఎవరూ అడగలేదు. అమ్మ టీ ఇచ్చింది. ఆఫీసరు తన ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాడు.

"ఆసుపత్రిలో ప్రసవాల గదికి తలుపు లేదు. బయట మగవాళ్లు తిరుగుతున్నారు. గుమ్మానికి అడ్డంగా నేను దుప్పటి పట్టుకుని నిలబడ్డాను. లోపల ఆమె అరుపు బయటికి రాకుండా పళ్లు బిగబట్టింది. తలుపు పెట్టించండి."

"ఒక లైను వదిలేశారు," అంది అమ్మ, కప్పులు తీస్తూ. నేను పాఠం అప్పజెబుతుంటే అనే గొంతుతోనే. "'దారికి అడ్డమని దుప్పటి తీయమన్నది పెద్ద డాక్టరే' అని ఉండాలి అక్కడ."

నాన్న అమ్మని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నువ్వా?"

"నేనే."

ఆఫీసరు నవ్వాడు. "ఎవరు రాసిచ్చారమ్మా?"

"దానికంత తెలివెక్కడిదండీ! ఇంకోసారి జరగదు. నాదీ పూచీ," అన్నాడు నాన్న.

"మళ్లీ కనిపిస్తే కేసు ఆవిడ మీదే," అని ఆఫీసరు లేచాడు. నాన్న వీధి చివరిదాకా సాగనంపడానికి వెళ్లాడు.

అమ్మ కప్పులు కడుగుతోంది. ఆ చేతుల వంకే చూస్తూ ఉండిపోయాను. బట్టలు పిండుతూ, గిన్నెలు తోముతూ అమ్మ దేని గురించి ఆలోచిస్తుంది? సబ్బు అయిపోయిందనీ, నా ఫీజు కట్టాలనీ అనుకునేదాన్ని. పోస్టులో ఏముందా అని పొద్దుటి నుంచి తహతహలాడిన నాకు, అమ్మ మనసులో ఏముందో అడగాలని ఇన్నేళ్లలో ఒక్కసారీ తోచలేదు.

అమ్మ చేతులు తుడుచుకుని, అలమరలోంచి ఫోన్ తీసుకుని, పిన్ని గదిలోకి నడిచింది. వెనకే వెళ్లాను.

"మళ్లీ రాస్తావా అమ్మా?"

"రాయను. రాస్తే ఎవరో రాసిచ్చారంటారు. ఈసారి మాట్లాడతాను."

పిన్ని గోడకి ఆనుకుని లేచి కూర్చుంది. "నేను కూడా చెబుతానక్కా. పాప ఏడిస్తే ఏడవనీ."

"నేనూ ఇక్కడే ఉంటానమ్మా."

"వద్దు. నీ గొంతు ఇందులో పడకూడదు."

అమ్మ నా భుజాలు పట్టుకుని గుమ్మం బయట నిలబెట్టి, తలుపు వేసేసింది.