ఖాళీ ఫోల్డరు

"రెండు నిమిషాల పనేగా నీకు" అంటూ ఆయన టీ తాగిన కప్పు తెచ్చి నా కీబోర్డు పక్కన పెట్టాడు. ఎలాగూ వంటింట్లోకి వెళ్ళేదాన్ని నేనే కదా, దారిలో పెట్టాడన్నమాట.

పని ఏమిటంటే, ఇంట్లో కంప్యూటరు నిండిపోయింది. ఆయన స్నేహితులతో బైకుల మీద కొండలెక్కి తీసుకొచ్చిన కొత్త వీడియోలకు చోటు లేదు. "ఇంజినీరు గారూ, కాస్త ఖాళీ చేసి పెడుదురూ" అని వేళాకోళం ఒకటి. పాప పుట్టేదాకా నేనొక ఆఫీసులో సర్వర్లు చూసుకునేదాన్ని. వందలమంది పని నా చేతి మీదుగా నడిచేది. ఇప్పుడా విద్యంతా అత్తయ్య ఫోనులో పాటలు ఎక్కించడానికీ, ఆయన ప్రింటరు మొండికేసినప్పుడు బుజ్జగించడానికీ పనికొస్తోంది. జీతం లేదు కాబట్టి అది పని కాదు. "ఊరికే కూర్చోకుండా ఏదో ఒకటి నొక్కుతుంటుంది లెండి" అని అత్తయ్య వచ్చినవాళ్ళతో ముద్దుగానే చెబుతుంది.

ఆ నొక్కుడులోనే నాదొకటి తయారైంది. మా అక్క పెద్దాసుపత్రిలో నర్సు. వాళ్ళకి డ్యూటీలు వేసేటప్పుడు నోరున్నవాళ్ళకి పగళ్ళు, నోరులేనివాళ్ళకి రాత్రుళ్ళు పడతాయని ఎప్పుడూ ఏడ్చేది. రాత్రుళ్ళు అందరికీ సమంగా పడేలా, ఒంట్లో బాగోలేనివాళ్ళకీ చంటిపిల్లలున్నవాళ్ళకీ వెసులుబాటు ఉండేలా నేనొక ప్రోగ్రాం రాశాను. రెండేళ్ళు పట్టింది. బట్టలు మెషీన్లో తిరిగేలోపు కొంత, పాప హోంవర్కు చేసేలోపు కొంత, ఎంగిలి చేత్తో ఆలోచించుకుని చెయ్యి కడుక్కున్నాక కొంత. అక్క ఒకసారి వచ్చినప్పుడు ఈ స్క్రీను మీదే చూసి, వెళ్ళి నర్సులందరి మీదా పెద్దయిన మేట్రనుతో చెప్పింది. సోమవారం తెచ్చి చూపించమంది మేట్రను. నచ్చితే ఆసుపత్రిలో దాన్ని నడిపించే ఉద్యోగం కూడా నాకే ఇస్తానంది. ఆ మాట విన్న రోజు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను, సంతోషంతో. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆయన కప్పు తెచ్చి పెట్టింది ఆ సోమవారానికి ముందురోజు, ఆదివారం పొద్దున.

నాకు బొమ్మల మీద క్లిక్కు చేసే అలవాటు లేదు. పాత ఆఫీసు అలవాటు కొద్దీ నల్ల తెర తెరిచి, కమాండు టైపు చేస్తేనే పని చేసినట్టుంటుంది. ఏ ఫోల్డరు ఎంత మేస్తోందో చూద్దామని డిస్కులో అన్నిటికన్నా పైమెట్టుకి వెళ్ళాను. చూశాక, పాత చెత్తంతా పడేసిన ఫోల్డరులోకి దిగాననే అనుకున్నాను. దిగలేదు. అక్కడ మనం ఎక్కడ నిలబడి కమాండిస్తే అక్కడున్నదంతా పోతుంది. "ఇక్కడున్నవన్నీ తీసెయ్, ప్రతిదానికీ నన్ను అడక్కు" అని రాశాను. అడ్డు చెప్పకుండా ఉండేందుకు పూర్తి అధికారం కూడా ఇచ్చాను. ఈ ఇంట్లో నాకు పూర్తి అధికారం ఉన్న చోటు అదొక్కటే.

ఎక్కడున్నానో ఒకసారి చూసుకోవడం నా ఒంటికి పట్టిన అలవాటు. ఎంటర్ నొక్కే ముందు చెయ్యి గాలిలో ఆగుతుంది. ఆగేదే.

"అమ్మాయ్! పాలు! పొంగుతున్నాయి!"

అత్తయ్య స్టవ్వు పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. చెయ్యి చాపితే అందే దూరం. ఎంటర్ నొక్కి పరుగెత్తాను.

స్టవ్వు కట్టేసి, గట్టు తుడిచి, కిందికి కారినవి తుడిచి, "చూసుకోవద్దటమ్మా" అనిపించుకుని తిరిగొచ్చేసరికి తెర మీద వరసలు పరుగెడుతున్నాయి. చెత్త ఫోల్డరుకి అంతసేపు పట్టదు. ఆపాను. ఏం మిగిలాయో చూపించమని అడిగితే, చూపించే కమాండే లేదంది. అదీ పోయింది. కంప్యూటరు బతకడానికి కావలసినవి ముందు పోయాయి, ఆ తర్వాత మా అందరి ఫైళ్ళూ పోయాయి.

"నావి?" అన్నాడు ఆయన వెనకనుంచి. మొదటి మాట అదే.

"ఉన్నాయండీ. రోజూ బయటి డిస్కులోకి కాపీ అయ్యేలా పెట్టాను."

"నీకు తెలుసుగా ఈ పని! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు? రేపు నాకు మీటింగుంది. సాయంత్రంలోగా నడవాలి."

నడిచింది. మధ్యాహ్నం భోజనాలు వడ్డిస్తూ, గిన్నెలు సర్దుతూ, కంప్యూటరుకి మళ్ళీ మొదటినుంచీ అన్నీ ఎక్కించాను. నాకు పెద్ద దిగులు కూడా లేదు అప్పటికి, కాపీ ఉందిగా. తర్వాత బయటి డిస్కు తగిలించాను. ఆయన ఆఫీసు కాగితాలు వచ్చాయి. కొండలూ బైకులూ వచ్చాయి. అత్తయ్య పాటలు, పాప బొమ్మలు, ఎప్పుడో పోయిన మామయ్యగారి కరెంటు బిల్లులు కూడా వచ్చాయి. నాది రాలేదు.

మళ్ళీ వెతికాను. ఆ రోజువారీ కాపీ కోసం నేను రాసుకున్న వరసలు తెరిచి చూస్తే అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు ఆయన వీడియోలు పెరిగి డిస్కు చాల్లేదు. "పనికిరానిదేదో తీసెయ్, ఏముంది" అన్నాడాయన. ఆయన నా ఫోల్డరు పేరు ఎత్తలేదు. అందులో ఏముందో కూడా ఆయనకు తెలీదు. నేనే, ఈ చేత్తోనే, బయటి డిస్కులోంచి నా ఫోల్డరు తీసేసి, అది తప్ప మిగతావన్నీ కాపీ చెయ్యమని రాశాను. ప్రస్తుతానికే అనుకున్నాను. నేను మాడిన రొట్టె ముక్క నా కంచంలో వేసుకునేటప్పుడు కూడా ఎవరూ చెప్పరు. అంత బాగా నేర్చుకున్నాను.

కంప్యూటరులోని డిస్కు మీద కొత్తవన్నీ ఎక్కించేశాను కాబట్టి, చెరిగిపోయినదాని కోసం తవ్వినా దొరికింది తుక్కే. నా రెండేళ్ళు పోయాయి. కుర్చీలో కూర్చున్నాను, అంతే. ఏడుపు కూడా రాలేదు.

ఆయన వచ్చి తన ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరిచి చూసుకున్నాడు. "ఆఁ, అన్నీ ఉన్నాయిగా! ఇంతదానికి పొద్దుట్నుంచీ ఆ మొహమేంటి?" అన్నాడు. నీదేమైనా పోయిందా అని అడుగుతాడేమోనని ఆయన గదిలోంచి వెళ్ళేదాకా చూశాను. సిగ్గు లేకుండా ఎదురుచూశాను.

అక్కకి ఫోను చేశాను. జరిగిందంతా విని, "మళ్ళీ రాయగలవా చెల్లీ?" అంది.

"తలలో ఉందక్కా. కానీ ఎప్పుడు రాయను?"

"మేట్రనుని నెల గడువు అడుగుతాను. ఎప్పుడు రాస్తావో మాత్రం నన్నడక్కు. నీ డ్యూటీలు వేసేది నేను కాదు."

ఫోను పెట్టేశాక ఇంకో పని చేశాను. బయటి డిస్కులో సగం విడదీసి, అక్కడ నా పేరుతో ఒక ఫోల్డరు పెట్టాను. రోజువారీ కాపీలో మొదటి వరస దానిదే రాశాను. ఎక్కడున్నానో చూసుకుని, ఎంటర్ నొక్కాను.

సాయంత్రం ఆయన వచ్చాడు. "ఇదేంటి, వీడియోలు సగమే కాపీ అయ్యాయి?"

"చోటు చాల్లేదు. మీకు ఏవి కావాలో చూసి మిగతావి మీరే తీసెయ్యండి."

"నేనా?" వంగి తెరలోకి చూశాడు. "ఇక్కడ ఇంత చోటుందిగా. తెరిస్తే ఏమీ లేదు, ఖాళీ ఫోల్డరు!"

"పొద్దున ఖాళీగా లేదు" అన్నాను. "అది నాది."

ఏదో అనబోయాడు. ఇంతలో వంటింట్లోంచి కేక. "అమ్మాయ్! పాలు!"

ఆయన నా వైపు చూశాడు. నేను నా ప్రోగ్రాం మొదటి వరస టైపు చేస్తున్నాను.