చచ్చిన తల్లికి వన్స్ మోర్

ఆ సినిమాను నాగలక్ష్మమ్మ టీవీలో ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. బోరుబావి కోసం కొట్టుకునే అన్నదమ్ముల మధ్యకు తల్లి అడ్డం పోయి ప్రాణం వదిలే కథ. మాటలన్నీ ఆమెకు నోటికొచ్చు. అందుకే మనవరాలు హర్షిణి ఆ తల్లి వేషం కట్టి కడపలో నృత్యనాటకం ఆడుతుందంటే వేంపల్లెలో బస్సెక్కి వచ్చేసింది. ఊరికే చూసి పోవడానికి కాదు. "ఈ చిందులు ఇంక చాలు" అని పట్టుబట్టిన కొడుకు నారాయణ, చివరికి "మీ అవ్వ చూసి బాగుందంటేనే నేర్చుకో, లేదంటే మానుకో" అని కూతురికి తేల్చి చెప్పాడు. తీర్పు ముసలమ్మ నెత్తిన పడింది.

తెర లేచింది. ఊరు లేదు, బోరు లేదు. నలుగురు పిల్లలు నీలం గుడ్డ పట్టుకుని ఊపుతున్నారు.

"ఏం రా నారాయణా, ఆ గుడ్డ ఎందుకు ఆరేస్తాండారు?"

"గుడ్డ కాదుమా, నీళ్ళు."

"మరి అన్నదమ్ములు యాడ?"

"ఆ ఎగురుతాండేటోళ్ళే అనుకుంటా. గమ్మున చూడు."

ఇద్దరు ఉండాల్సిన చోట ఆరుగురున్నారు. అందరూ ఆడపిల్లలే. మీసమైనా లేకపోతే ఎవరు అన్నో ఎవరు తమ్ముడో ఎట్లా పోల్చుకోవడం? ఇంతలో ఎర్రచీరలో హర్షిణి వచ్చింది, వాళ్ళ మధ్యకు పోయింది, గిర్రున తిరిగి పడిపోయింది. సినిమాలో ఇక్కడే ఆ తల్లి, వినేవాళ్ళ కడుపు తరుక్కుపోయే మాట చెబుతుంది. నాగలక్ష్మమ్మ ముందుకు వంగింది. గజ్జెల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మైకోనికి చెప్పుపో, పాప మాట ఇనపడల్యా!"

"దీంట్లో మాటలే ఉండవుమా!"

మాటల్లేని చావేం చావు? అయినా, నేలమీద పడిన ఆ పిల్ల చెయ్యి ఇంకా కొడుకుల వైపు పాకుతుంటే ముసలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎందుకో తెలియలేదు. ఏం చెయ్యాలో తోచక, తనకు తెలిసిందే చేసింది. వాళ్ళ ఊరి నాటకాల్లో చచ్చిన పాత్రకు వన్స్ మోర్ పడితే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. వేషగాడికి అంతకు మించిన మర్యాద లేదు. నిలబడి గట్టిగా అరిచింది.

"వన్స్ మోర్!"

హాలంతా వెనక్కి తిరిగింది. కొందరు నవ్వారు. హర్షిణి లేవలేదు గానీ ఆమె గడ్డం వణికింది. ఏడుస్తోందో నవ్వుతోందో ముసలమ్మకు అదీ అర్థం కాలేదు.

ఆట అయ్యాక బయట హర్షిణి మొహం తిప్పుకుంది. "పరువు తీసినావవ్వా."

"అయ్యో నా తల్లీ, మెచ్చుకుంటే పరువు పోతాదా?"

నారాయణ అందుకున్నాడు. "అంటే నీకు అర్థమైనట్టేనా?"

"ఒక్క ముక్క అర్థం కాలేదురా. ఏడుపు మాత్రం వచ్చింది."

"మరి బాగుందా, లేదా?"

"అది తెలుసుకునేదానికే గదా లేయమన్నా. ఇది లేయకపాయె. ఇంకోసారి ఆడనీ, చూసి చెప్తా."

"వచ్చే నెల కర్నూల్లో ఉండాదవ్వా!" హర్షిణి గబుక్కున అంది.

నారాయణ నోరు తెరిచేలోపే ముసలమ్మ అడిగేసింది. "కర్నూలు బస్సు యాడ ఎక్కల్ల?"